పదిహేనేళ్లు నిండిన ఆల్టో: ఫిట్‌నెస్ పరీక్షలో తేలినవి, ఎండాకాలంలో తేలినవి

కడపలో పాత చిన్న కారు కొనబోతున్నామని ఎవరితోనైనా అంటే మొదట వినవచ్చే మాట, ‘పదిహేనేళ్లు నిండితే బండిని మూలన పెట్టాల్సిందే కదా’ అన్నది. ఢిల్లీకీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికీ జాతీయ హరిత ట్రిబ్యునల్ విధించగా 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా సమర్థించిన నిషేధం మన జిల్లాకూ వర్తిస్తుందని చాలామంది నమ్ముతున్నారు. అది వర్తించదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 41వ సెక్షన్ ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తరువాత అధికారి బండిని పరీక్షించి, రోడ్డు మీద తిరగడానికి తగిన స్థితిలో ఉందని తేలిస్తే మరో 5 ఏళ్లకు పొడిగిస్తారు. ఈ అపోహ వల్లే పద్నాలుగో ఏడు దాటిన బండ్ల ధర ఒక్కసారిగా పడిపోతుంది; బండిని చూసి కొనగలిగినవారికి అక్కడే మంచి బేరం దొరుకుతుంది. నేను 2010లో కడపలోనే రిజిస్టరై, ఏపీ 04 నంబరుతో ఉన్న మారుతీ ఆల్టో ఎల్ఎక్స్ఐని సరిగ్గా ఆ గడువు దగ్గరపడినప్పుడు కొన్నాను. దాన్ని పరీక్షకు సిద్ధం చేయించి, రిజిస్ట్రేషన్ పొడిగింపు తీసుకుని, ఆపైన ఒక వేసవి పూర్తిగా నడిపిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. పరీక్ష చూసేది బండి ఆ రోజున ఆగుతుందా, కనబడుతుందా, ఎక్కువ పొగ వదులుతుందా అన్నది. మే నెల మధ్యాహ్నం ముద్దనూరు దాటాక కూడా నడుస్తూనే ఉంటుందా అన్నది ఆ పరీక్ష పరిధిలో లేదు. రాయలసీమలో పాత కారు కొనేవారికి ఈ రెండో ప్రశ్నే ఎక్కువ ముఖ్యమని నా అభిప్రాయం.

ముందుగా బండి గురించి చెప్పాలి. ఆల్టో మన దేశంలోకి 2000లో వచ్చింది. దీనిలోని 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్ అప్పటికే ప్రతి మెకానిక్ చేతికీ అలవాటైన మారుతీ 800 కుటుంబానికి చెందినది. ఎల్ఎక్స్ఐ రకంలో ఏసీ, పవర్ స్టీరింగ్ ఉంటాయి. ఎల్ఎక్స్‌లో ఏసీ ఉంటుంది కానీ పవర్ స్టీరింగ్ ఉండదు. టైరు కొలత 145/80 ఆర్12, పెట్రోలు ట్యాంకు 35 లీటర్లు. అమ్మేవారు అన్నిటినీ కలిపి ‘ఆల్టో’ అనేస్తారు కాబట్టి కొనేవారే తేడా తెలుసుకుని అడగాలి. 2010 ఆగస్టులో వచ్చిన ఆల్టో కె10లో 998 సీసీ ఇంజన్ ఉంటుంది, దానిలో టైమింగ్ చైను (ఇంజన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకుని మూసుకునేలా నడిపే గొలుసు) పనిచేస్తుంది. 2012 అక్టోబరులో వచ్చిన ఆల్టో 800లోనూ, అంతకుముందున్న ఈ పాత ఆల్టోలోనూ ఉన్నది అదే పని చేసే రబ్బరు టైమింగ్ బెల్టు. చైనుకూ బెల్టుకూ ఉన్న తేడా పదిహేనేళ్ల తరువాత డబ్బుగా మారి కనిపిస్తుంది, దాని సంగతి తరువాత వస్తుంది.

కాగితాల విషయంలో ఎక్కువ చెప్పనక్కరలేదు, కానీ చూడకుండా వదలకూడదు. సి-బుక్కులో బ్యాంకు అప్పు నమోదై ఉంటే ఫారం 35, బ్యాంకు ఇచ్చే నిరభ్యంతర పత్రం చేతికి వచ్చేవరకు డబ్బు పూర్తిగా ఇవ్వకూడదు. పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 కావాలి. చెల్లించని చలానాలు, అప్పు, బీమా గడువు వంటివన్నీ ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూసుకోవచ్చు. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు సి-బుక్కుతో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. మారుతీ బండ్ల ఛాసిస్ నంబరు ఎంఏ3తో మొదలవుతుంది. తుప్పు పట్టో, రంగు కింద కప్పబడో ఆ నంబరు చదవడానికి వీల్లేకుండా ఉంటే పరీక్ష అక్కడే ఆగుతుంది కాబట్టి, కొనే ముందే బానెట్ ఎత్తి గుడ్డతో తుడిచి చూడడం మంచిది.

రిజిస్ట్రేషన్ పొడిగింపుకు ఫారం 25లో, గడువు ముగియడానికి 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. 600 రూపాయలుగా ఉన్న రుసుమును 2022 ఏప్రిల్ 1 నుంచి కార్లకు 5,000 రూపాయలు చేశారు. ఆలస్యమైతే నెలకు 500 చొప్పున అదనంగా పడుతుంది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దీన్ని 10,000కు పెంచారు. దీనికి తోడు రాష్ట్రం వసూలు చేసే హరిత పన్ను ఉంటుంది. అమ్మేవారు ‘ఎఫ్.సి. (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఒక్కటి చేయించుకుంటే చాలు’ అని తేలికగా చెప్పే పని వెనుక ఇంత ఖర్చు ఉందని గుర్తుంచుకుని బేరమాడాలి.

బండిని ఆర్టీఓ కార్యాలయానికి తీసుకుపోయే ముందు, దశాబ్దాలుగా మారుతీ బండ్లే చూస్తున్న ఒక మెకానిక్ షెడ్డులో నాలుగు చక్రాలూ విప్పించాను. పరీక్షకు వెళ్లే ప్రతి పాత బండికీ ఈ పని చేయించడం అవసరమని నేను గట్టిగా చెబుతాను. పెడల్ తొక్కితే బండి ఆగుతున్నది కదా అని బయటి నుంచి చూసి తృప్తిపడితే లోపలి సంగతి తెలియదు. ఆల్టోలో ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, వెనుక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు ఉంటాయి. బండి ఆగే భారంలో ఎక్కువ భాగం ముందు చక్రాలే మోస్తాయి కాబట్టి వెనుక బ్రేకులు చాలావరకు చచ్చిపోయినా, ఊళ్లో నెమ్మదిగా నడిపేవారికి ఆ లోపం తెలియదు. ఈ బండిలో అదే జరిగింది. ఎడమవైపు వెనుక వీల్ సిలిండర్ లోపలి రబ్బరు వాషరు గట్టిపడి, బ్రేక్ ఆయిల్ చెమ్మగా కారి, డ్రమ్మును రాసుకుని చక్రాన్ని ఆపే లైనర్లను తడిపింది. నూనె తడిసిన లైనర్ డ్రమ్మును పట్టుకోలేదు. అందువల్ల హ్యాండ్ బ్రేక్ లాగినా ఒక చక్రమే ఆగేది. గట్టిగా బ్రేకు వేస్తే బండి కొద్దిగా కుడివైపుకు లాగేది. రెండు వైపులా సిలిండర్లు, లైనర్లు మార్పించి, బ్రేక్ ఆయిల్ మొత్తం కొత్తది పోయించాను. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన కొద్దీ అది తక్కువ వేడికే మరిగి, ఆవిరి బుడగలు ఏర్పడి, పెడల్ కాలి కింద మెత్తగా దిగిపోతుంది. కడప నుంచి రాయచోటి వెళ్లే దారిలో గువ్వలచెరువు ఘాటు దిగేవారికి ఈ విషయం ప్రాణానికి సంబంధించినది. ఆ ఘాటులో జరిగిన ప్రమాదాల గురించి వినని కుటుంబం ఈ జిల్లాలో ఉండదు. అక్కడి పాలకోవా కోసం ఆగేవారు ఆ కాసేపట్లో ఒకసారి బ్రేకు డ్రమ్ముల వేడిని కూడా గమనిస్తే మంచిదని నా సలహా.

పెడల్ మీద కాలి బలాన్ని పెంచే బ్రేకు బూస్టరును ఎవరైనా తమంతట తామే పరీక్షించుకోవచ్చు. ఇంజన్ ఆపి, పెడల్‌ను గట్టిపడేవరకు నాలుగైదుసార్లు తొక్కి, అలా తొక్కి పట్టుకునే ఇంజన్ స్టార్టు చేయాలి. పెడల్ కొంచెం కిందికి దిగితే బూస్టరు పనిచేస్తున్నట్టు. కదలకుండా రాయిలా ఉంటే వాక్యూమ్ గొట్టంలోనో బూస్టరులోనో లోపం ఉన్నట్టు. నా బండి దీనిలో నెగ్గింది.

టైర్ల దగ్గర చాలామంది గాడి లోతు ఒక్కటే చూస్తారు. నిబంధన కోరే కనీస లోతు 1.6 మిల్లీమీటర్లు, ఈ బండి టైర్లకు అంతకు రెండింతలు ఉంది. అయినా నేను నాలుగూ మార్పించాను. టైరు పక్కగోడ మీద నాలుగు అంకెలతో తయారీ కాలం అచ్చువేసి ఉంటుంది. ఉదాహరణకు 2317 అని ఉంటే అది 2017లో 23వ వారంలో తయారైందని అర్థం. తక్కువ తిరిగే బండి టైరు అరగదు, కానీ మన ఎండకు పక్కగోడలు నెరియలు విచ్చిన చెరువు మట్టిలా పగుళ్లు తేలతాయి. అటువంటి టైరు పరీక్షలో నెగ్గవచ్చు. మే నెలలో తారు కాగుతున్న హైవే మీద మాత్రం ఏ క్షణంలోనైనా పేలవచ్చు. స్టెప్నీని కూడా తీసి చూడండి, పాత బండ్లలో అది చాలాసార్లు బండి వయసుదే అయి ఉంటుంది.

స్టీరింగ్ చక్రంలో వదులు 30 డిగ్రీలు మించకూడదని నిబంధన. ఈ బండిలో ఆ వదులు చాలా తక్కువగానే ఉంది, కానీ ముందు సస్పెన్షన్‌లో ఒక బాల్ జాయింటు, రెండు వైపుల బుష్షులు అరిగి గతుకుల్లో టకటకమని చప్పుడు చేసేవి. అవి మార్చాక అలైన్‌మెంట్ చేయించాల్సి వచ్చింది. హెడ్‌లైట్ల అద్దాలు నిజానికి ప్లాస్టిక్‌వి. ఎండకు పసుపెక్కి, వెలుతురును సగం మింగేస్తాయి. పాలిష్ చేయిస్తే కొంతకాలం బాగుంటాయి. నేను పాలిష్‌తోనే సరిపెట్టి, లైట్ల కోణం సరిచేయించాను. పాత యజమాని వేయించిన కళ్లు చెదిరే తెల్ల బల్బులను తీసేయించి, కంపెనీ ఇచ్చే 60/55 వాట్ల బల్బులే పెట్టించాను. ఎక్కువ వాట్ల బల్బులు హోల్డరును, వైర్లను కరిగిస్తాయి. ఎదుటివారి కళ్లకూ ప్రమాదమే.

పొగ పరీక్షలో మొదట ఈ బండి తప్పింది. బీఎస్-3 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాల్లో మూడో దశ) పెట్రోలు కారుకు, బండి నిలిచి ఉండి ఇంజన్ మెల్లగా తిరుగుతున్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతానికి, హైడ్రోకార్బన్లు 750 పీపీఎంకు (పది లక్షల్లో 750 వంతులకు) మించకూడదు. బీఎస్-4 కారుకైతే ఆ హద్దులు 0.3 శాతం, 200 పీపీఎం. బీఎస్-3 రకమైన నా బండిలో కార్బన్ మోనాక్సైడ్ హద్దు దాటింది. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువైతే పెట్రోలుకు తగినంత గాలి అందడం లేదని అర్థం. సిమెంటు లారీలు తిరిగే ఎర్రగుంట్ల దారిలో, నాపరాయి పాలిష్ యూనిట్ల పక్కన తిరిగే బండ్ల ఎయిర్ ఫిల్టరు ఎంత త్వరగా పూడుకుపోతుందో ఇక్కడివారికి తెలుసు. ఫిల్టరు విప్పితే లోపల తెల్లటి పొడి పేరుకుని ఉంది. ఫిల్టరు, మూడు స్పార్క్ ప్లగ్గులు మార్చి, థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించాక, ఇంజన్ బాగా వేడెక్కేవరకు నడిపి మళ్లీ పరీక్షిస్తే హద్దులో సగానికన్నా తక్కువ వచ్చింది. చల్లటి ఇంజన్‌తో పొల్యూషన్ కేంద్రానికి వెళ్లడం మంచిది కాదు. సైలెన్సరు దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టరు వేడెక్కితే తప్ప తన పని చేయదు. ఈ సర్టిఫికెట్ బీఎస్-3 బండికి ఆరు నెలలే చెల్లుతుందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

పరీక్ష రోజు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మన వైపు జనం ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే మోటారు వాహనాల తనిఖీ అధికారి నంబర్లు సరిచూశారు. బండిని నడిపించి బ్రేకు వేయించారు. లైట్లు, ఇండికేటర్లు, హారను, వైపర్లు, సీటు బెల్టులు, అద్దాలు, టైర్లు చూశారు. బీమా, పొల్యూషన్ కాగితాలు పరిశీలించారు. అన్నీ సరిపోయాయి. రిజిస్ట్రేషన్ 5 ఏళ్లకు పొడిగించారు.

అయితే ఆ తనిఖీలో రేడియేటరు మూత ఎవరూ విప్పలేదు; విప్పాలన్న నియమమూ లేదు. దాన్ని అంతకుముందే మా మెకానిక్ విప్పి, లోపలికి వేలు పెట్టి చూపించాడు. ‘చూడండి సార్, ఇది కూలెంటు కాదు, బోరు నీళ్లు’ అన్నాడు. ఇంజన్ వేడిని లాగడానికి రేడియేటరులో పోయాల్సిన ద్రవమే కూలెంటు. వేలికి సున్నంలాంటి తెల్లటి పొర అంటుకుని వచ్చింది. కడప, అనంతపురం జిల్లాల బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. ఆ నీరు వేడెక్కిన కొద్దీ లవణాలు గట్టిపడి రేడియేటరు సన్న గొట్టాల లోపలి గోడలకు అతుక్కుంటాయి. ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునేదీ ఇదే. పొర మందమైన కొద్దీ వేడి బయటికి పోదు. ఊళ్లో సాయంత్రం పూట నడిపే బండిలో ఈ లోపం బయటపడదు. 42, 43 డిగ్రీల ఎండలో ఏసీ వేసుకుని, నలుగురు కూర్చుని, హైవే మీద గంటసేపు నడిపినప్పుడు మీటరు ముల్లు పైకి లేస్తుంది. అప్పటికీ ఆపకపోతే అల్యూమినియం హెడ్ వంగి, గ్యాస్కెట్ పోయి, బండి కొన్న ధరలో పెద్ద భాగం మరమ్మతుకే పోతుంది. చిన్న పాత కార్లు మన జిల్లాలో చచ్చేది ఎక్కువగా ఇలాగే.

అందుకే రేడియేటరు కొత్తది వేయించాను. పై హోసు, కింది హోసు, హీటరు గొట్టాలు, థర్మోస్టాట్, రేడియేటరు మూత కూడా మార్పించాను. మూతను చాలామంది పట్టించుకోరు. అది లోపలి ఒత్తిడిని పట్టి ఉంచుతుంది, ఒత్తిడి వల్లే కూలెంటు మరిగే వేడి నూరు డిగ్రీలకు పైకి పెరుగుతుంది; మూత స్ప్రింగు వదులైతే మంచి కూలెంటు పోసినా ముందే మరిగిపోతుంది. రేడియేటరు ఫ్యాను సరైన సమయానికి తిరుగుతున్నదో లేదో బండిని ఒకచోట నిలిపి, ఏసీ ఆపి, ఇంజన్ వేడెక్కేవరకు వేచి చూసి నిర్ధారించుకున్నాం. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో చెప్పే బిల్లు పాత యజమాని దగ్గర లేదు. బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోవాలి. మీటరులో తిరిగిన కిలోమీటర్లు తక్కువగా ఉన్నా రబ్బరుకు వయసు ఆగదు. ఆ బెల్టు తెగితే ఇంజన్ ఎక్కడిది అక్కడే ఆగిపోతుంది. దానితో పాటు టెన్షనరు, వాటర్ పంపు కూడా మార్పించడం తెలివైన పని, ఎందుకంటే ఆ మూడింటికీ విప్పే కూలి దాదాపు ఒకటే. కె10 కొన్నవారికి ఈ ఖర్చు ఉండదు.

ఈ పనులన్నీ అయ్యాక బండి ఎలా నడిచిందన్నదే అసలు సమీక్ష. కడప నుంచి ప్రొద్దుటూరుకు పని మీద తరచుగా వెళ్లి వచ్చాను. ముద్దనూరు మీదుగా తాడిపత్రి వైపు కూడా నడిపాను. వేసవి మధ్యలో ఏసీతో వెళ్లినా వేడి ముల్లు సగం దాటలేదు. ఉదయం ఒక్క తాళంతో స్టార్టయింది. దారి మధ్యలో ఒక్కసారీ ఆగిపోలేదు. మైలేజీ ఊళ్లో ఏసీతో లీటరుకు 14, 15 కిలోమీటర్లు, హైవేలో 70 వేగం దాటకుండా నడిపితే 18, 19 దాకా వచ్చింది. ఏసీ విషయంలో ఎక్కువ ఆశించకూడదు. చిన్న ఇంజన్ మీద కంప్రెసరు బరువు స్పష్టంగా తెలుస్తుంది. మధ్యాహ్నం ఎండలో లోపల చల్లబడడానికి సమయం పడుతుంది, లారీని దాటాలంటే ఏసీ ఆపాలనిపిస్తుంది. ఘాటు ఎక్కేటప్పుడు నలుగురుంటే రెండో గేరులోనే సాగాలి. క్లచ్ మాత్రం తేలికగా ఉంటుంది, సందుల్లో తిప్పుకోవడానికి దీన్ని మించిన సుఖం లేదు. వై జంక్షన్ దగ్గర సాయంత్రం రద్దీలో నడిపేవారు ఈ మాట ఒప్పుకుంటారు. సామాను విషయంలో ఈ బండికి నేను పూర్తి మార్కులు వేస్తాను. బద్వేలు, మైదుకూరు, పులివెందుల వంటి ఊళ్లలో కూడా దీని సామాను దొరుకుతుంది, దీన్ని విప్పి బిగించగలిగిన మెకానిక్కూ దొరుకుతాడు. పాత బండికి నమ్మకం అంటే చెడకపోవడం ఒక్కటే అనుకోకూడదు. చెడినచోట ఆ పూటే బాగుచేయించుకోగలగడం కూడా నమ్మకమే.

మన వాతావరణం ఈ బండికి చేసిన మేలు కూడా చెప్పాలి. ఇక్కడ వాన తక్కువ, సముద్రపు ఉప్పుగాలి లేదు. అందువల్ల కింది పలకలు, తలుపుల అడుగు, సస్పెన్షన్ బిగించే చోట్లు పదిహేనేళ్ల తరువాత కూడా గట్టిగా ఉన్నాయి. నెల్లూరు, చెన్నై వైపు నుంచి వచ్చిన బండ్లు తక్కువ ధరకు వస్తున్నాయని కొనేవారు కార్పెట్టు ఎత్తి ఫ్లోరు చూడకుండా డబ్బు ఇవ్వకూడదు. ఇంజను బాగుచేయవచ్చు, తుప్పు తిన్న ఛాసిస్‌ను బాగుచేశామని చెప్పే వెల్డింగు పనిని నేను నమ్మను.

భద్రత దగ్గర ఈ బండిని వెనకేసుకురాలేను. దీనిలో ఎయిర్ బ్యాగులు లేవు, గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. కొత్త కార్లకు ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవరు వైపు ఎయిర్ బ్యాగు అదే ఏడాది జులై నుంచి తప్పనిసరి అయ్యాయి. ఇది వాటికి చాలా ముందటి బండి. దీని తరువాత వచ్చిన ఆల్టో 800ను 2014లో కార్లను ఢీకొట్టించి భద్రతను కొలిచే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షించినప్పుడు పెద్దల రక్షణకు ఒక్క నక్షత్రమూ దక్కలేదు. ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గడానికీ, ప్రమాదంలో లోపలివారిని కాపాడగలగడానికీ సంబంధం లేదు. కుటుంబంతో తరచుగా బెంగళూరుకో హైదరాబాదుకో హైవే మీద రాత్రిపూట ప్రయాణించేవారు దీన్ని కొనవద్దని నేను నిర్మొహమాటంగా చెబుతాను. వారు మరి కొంత డబ్బు చేర్చి, 2019 తరువాత తయారైన బండి చూసుకోవాలి. ఊళ్లో ఉద్యోగానికి, ఆసుపత్రికి, చుట్టుపక్కల మండలాలకు పగటిపూట తిరిగేవారికీ, ఎండలో బైకు మీద పిల్లలను, ముసలివారిని తీసుకెళ్లాల్సి వస్తున్నవారికీ ఇది పనికొచ్చే బండి.

కొనేవారు ధర దగ్గర ఇలా లెక్క వేసుకోవాలి. బండి ధర లక్ష లోపు చెప్పారంటే, దానిలో నుంచి రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 5,000, హరిత పన్ను, బీమా ముందుగా తీసేయాలి. 1,000 సీసీ లోపు కారుకు థర్డ్ పార్టీ బీమా మూల ప్రీమియం 2022 జూన్ నుంచి 2,094 రూపాయలు, పన్ను అదనం. ఆ తరువాత నాలుగు టైర్లు, వెనుక బ్రేకులు, టైమింగ్ బెల్టు, రేడియేటరు, బ్యాటరీ అన్న అయిదింటిలో దేనికి బిల్లు చూపలేకపోతే దాని ఖర్చు తగ్గించమని అడగాలి. నా విషయంలో ఈ మరమ్మతులన్నీ కలిపి బండి ధరలో మూడో వంతు దాటాయి. అది తెలిసే బేరమాడాను, అందుకే అది భారంగా అనిపించలేదు. అమ్మేవారు పొడిగింపు తామే చేయించి ఇస్తామంటే అభ్యంతరం లేదు; కానీ ఆ ముద్ర చూసి ధర పెంచితే మాత్రం, చక్రాలు విప్పి, రేడియేటరు మూత తీసి చూపించమని అడగండి. దానికి ఒప్పుకోనివారి దగ్గర కొనవద్దు.